ఆకలి లేని చేపకు గాలం

చలికాలంలో సముద్రం విడిచి ఏట్లోకి ఎక్కే స్టీల్‌హెడ్ చేప తిండి కోసం రాదు, గుడ్లు పెట్టడానికి వస్తుంది. తినాల్సిందంతా పసిఫిక్ మహాసముద్రంలోనే తిని, ఒంట్లో కొవ్వు దాచుకుని, ఆ నిల్వతోనే వారాలూ నెలలూ నెట్టుకొస్తుంది. ఏట్లో ఉన్నన్నాళ్లూ అడపాదడపా ఏదైనా నోట కరుచుకుంటుందే గానీ కడుపు నింపుకునే పని పెట్టుకోదు. గాలం అనేది పుట్టిందే చేప ఆకలిని నమ్ముకుని. ఆ ఆకలే లేని చేపను గాలంతో పట్టడం ఎలా? అమెరికాలోని వాషింగ్టన్, ఓరెగన్, ఐడహో రాష్ట్రాల్లో, వాటికి పైన కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా నడుంలోతు చన్నీళ్లలో నిలబడి జనం కుస్తీ పట్టేది ఈ ప్రశ్నతోనే. వాళ్లు దీనికి పెట్టుకున్న ముద్దుపేరు ‘వెయ్యి విసుర్ల చేప’. వెయ్యిసార్లు గాలం విసిరితే ఒకటి పడుతుందని. రోజంతా విసిరి ఒట్టి చేతులతో ఇంటికి పోవడం అక్కడ మామూలే.

అలాగని ఇది గుడ్డి అదృష్టం మీద నడిచే వేట కాదు. ఆ చేప ఎక్కడ ఆగుతుంది, ఎప్పుడు కదులుతుంది, దేనికి నోరు తెరుస్తుంది, పట్టుకున్నాక ఎందుకు వదిలేయాల్సి వస్తోంది అన్నవాటన్నిటికీ మూలం ఒకటే. దాని దగ్గరున్న సరుకు కొంచెం, మళ్లీ నింపుకునే వీలు లేదు. పెట్రోలు బంకులు లేని దారిలో ట్యాంకు నింపుకుని బయల్దేరిన బండి లాంటిది. నూనె పొదుపు చేసే డ్రైవరు ఎలా ఆలోచిస్తాడో ఈ చేప అలా నడుచుకుంటుంది.

ముందు చేప సంగతి. స్టీల్‌హెడ్ వేరే జాతి కాదు, రెయిన్‌బో ట్రౌటే. రష్యా తూర్పు కొసనున్న కంచట్కాలో దొరికిన చేపల్ని బట్టి 1792లో వాల్‌బామ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి పేరు పెట్టాడు. అమెరికాలో మాత్రం చాలాకాలం దీన్ని అట్లాంటిక్ సాల్మన్‌కు దగ్గరి చుట్టంగా లెక్కేశారు. పసిఫిక్ సాల్మన్లతోనే దీనికి దగ్గర సంబంధమని తేలాక 1989లో ఆంకోరింకస్ మైకిస్ అన్న పేరు స్థిరపడింది. ఇందులో వింతేమిటంటే, ఒక తల్లి పెట్టిన గుడ్లలోంచి వచ్చిన పిల్లల్లోనే కొన్ని పుట్టిన ఏట్లో ఉండిపోయి చిన్న సైజు రెయిన్‌బో ట్రౌట్‌గా బతికేస్తాయి, కొన్ని సముద్రానికి పోయి స్టీల్‌హెడ్‌గా తిరిగొస్తాయి. ఒక కొడుకు ఊళ్లో పొలం చూసుకుంటే ఇంకో కొడుకు అమెరికా వెళ్లి ఒళ్లు చేసి వచ్చినట్టు. ఉండిపోయేవాటిలో మగవి ఎక్కువ. మన నీలగిరుల్లో ఊటీ దగ్గర అవలాంచిలో 1907లో ట్రౌట్ హేచరీ పెట్టి పెంచిందీ ఈ జాతినే. వాటికి సముద్రం చూసే రాత లేదు, అంతే తేడా.

సముద్రానికి పోయేవి ముందు ఒకటి నుంచి మూడేళ్లు ఏట్లో పెరుగుతాయి. జానెడు పొడవు వచ్చాక ఒంటి మీది మచ్చలు మాసిపోయి వెండి రంగు తేలుతుంది. అప్పటిదాకా ఒంట్లోకి ఉప్పు లాక్కునే మొప్పలు ఇక ఉప్పును బయటికి నెట్టే పనిలోకి మారతాయి. సముద్రంలో ఎక్కువగా రెండేళ్లు, ఒక్కోసారి నాలుగేళ్ల దాకా తిరిగి, పుట్టిన ఏటి వాసన పట్టుకుని వెనక్కి వస్తాయి. మామూలుగా 3 నుంచి 5 కిలోలు తూగుతాయి, 9 కిలోలు దాటితే జీవితాంతం చెప్పుకునే చేప. గాలానికి పడినవాటిలో రికార్డు సృష్టించినది 42 పౌండ్ల 2 ఔన్సులు, అంటే 19 కిలోల పైమాట. 1970లో అలాస్కాలోని బెల్ ఐలాండ్ దగ్గర సముద్రంలో దాన్ని పట్టింది 8 ఏళ్ల పిల్లాడు. వేల విసుర్లు విసిరిన పెద్దవాళ్లకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇది.

సముద్రంలో పెరిగి ఏట్లో గుడ్లు పెట్టే చేప తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. బంగాళాఖాతంలో ఇలసగా తిరిగే చేప గోదారి ఎర్రనీరు సముద్రంలో కలిసే వేళకు వరదకు ఎదురీది పులస అవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట దాన్ని బట్టే పుట్టింది. కానీ రుచి లెక్కలో రెండూ ఎదురెదురు. ఏటినీళ్లు తగిలేకొద్దీ పులసకు రుచి వస్తుందని గోదారి జిల్లాల వాళ్లు చెబుతారు. స్టీల్‌హెడ్‌కు తిరగబడుతుంది. సముద్రం నుంచి అప్పుడే వచ్చి, తోక దగ్గర సముద్రపు పేలు ఇంకా రాలిపోనిది, అద్దంలా మెరిసేది తినడానికి మేలైన చేప. ఆ పేలు మంచినీళ్లలో కొద్ది రోజులే బతుకుతాయి కాబట్టి చేప ఎంత తాజాగా వచ్చిందో చెప్పే గుర్తు అదే. రోజులు గడిచేకొద్దీ దాచుకున్న కొవ్వు కరిగి మాంసం చప్పబడుతుంది, వెండి రంగు పోయి పక్కల మీద గులాబీ చార తేలుతుంది.

స్టీల్‌హెడ్‌లో రెండు రకాల రాకలున్నాయి. వేసవిలో వచ్చేవి ఇంకా గుడ్లు పండకుండానే ఏట్లోకి ఎక్కి, మరుసటి ఏటి వసంతం దాకా అక్కడే కాలం గడుపుతాయి. కొన్ని జలపాతాలను నీటిమట్టం అనుకూలంగా ఉన్న రోజుల్లోనే దాటగలవు కాబట్టి ముందే రావడం వాటికి లాభం. నవంబర్ నుంచి ఏప్రిల్ మధ్య వచ్చేవి శీతాకాలపు చేపలు. ఇవి సముద్రంలోనే దాదాపు పండి వస్తాయి, ఏట్లో ఉండేది వారాలో, కొన్ని నెలలో. ఈ రెండు రాకలకూ మధ్య తేడా ప్రధానంగా గ్రెబ్1ఎల్ అనే జన్యువు ఉన్న ఒక చిన్న ప్రాంతంతో ముడిపడి ఉందని 2017లో వెలువడిన పరిశోధన చూపించింది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దీని అర్థం పెద్దది. ఒక నదిలో వేసవి రాక పూర్తిగా పోతే, శీతాకాలపు చేపల నుంచి అది తొందరగా మళ్లీ పుట్టుకొస్తుందని ఆశపడటానికి లేదు.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. వాషింగ్టన్ రాష్ట్రానికి పడమటి కొసన ఒలింపిక్ ద్వీపకల్పం ఉంది. సియాటిల్ నుంచి కారులో నాలుగు గంటల దారి. అక్కడ ఫోర్క్స్ అనే చిన్న ఊరి చుట్టూ హో, బోగాచీల్, కలావా, సోల్ డక్ నదులు పారుతున్నాయి. ఏడాదికి దాదాపు మూడు మీటర్ల వాన పడే చోటు. శీతాకాలపు స్టీల్‌హెడ్ గురించి మాట్లాడుకోవాలంటే ఇంతకన్నా సరైన చోటు లేదు. జనవరి తెల్లవారుజామున అక్కడ గాలం రాయుళ్లు లేవగానే ఫోన్‌లో చూసేది నదిలో ఎన్ని క్యూసెక్కులు పారుతున్నాయన్నది. ధవళేశ్వరం దగ్గర లక్షల క్యూసెక్కులు వినే చెవులకు ఇవి నవ్వొచ్చే అంకెలు. హో నది రెండు మూడు వేల క్యూసెక్కుల దగ్గర ఉంటే దిగొచ్చు. హవాయి వైపు నుంచి వెచ్చటి తేమ మోసుకొచ్చే తుపాను, అక్కడివాళ్లు ‘పైనాపిల్ ఎక్స్‌ప్రెస్’ అనేది, ఒక్క రాత్రి కొట్టిందంటే ఇరవై, ముప్పై వేలకు ఎగబాకుతుంది. అప్పుడు నీళ్లు పాలు ఎక్కువైన టీ రంగులోకి తిరుగుతాయి, దుంగలు కొట్టుకొస్తాయి. ఆ రోజు గాలం మూలన పెట్టాల్సిందే.

కానీ చేపకు ఆ వరదే కావాలి. నీళ్లు పెరిగినప్పుడూ, తగ్గడం మొదలైనప్పుడూ అది సముద్రం నుంచి లోపలికి వస్తుంది. లోతు ఉంటుంది, బురద చాటు ఉంటుంది, డేగలూ నీటికుక్కల కంట పడదు. వరద లాగి, నీళ్లు పచ్చగా తేరుకునే ఒకటి రెండు రోజులే గాలం వేసేవాళ్ల పండగ. ఆ రంగుకు పేరే ‘స్టీల్‌హెడ్ గ్రీన్’. మోకాలి లోతు దాకా రాళ్లు కనిపించాలి, ఆ కింద కనిపించకూడదు. మరీ తేటపడితే చేప బెదురుతుంది, సన్నటి దారం, చిన్న ఎర కావాలి. హో నది మంచుగడ్డల నుంచి పుట్టి, జారిపడే బంకమట్టి కలుపుకుని వస్తుంది కాబట్టి ఆలస్యంగా తేరుకుంటుంది. పక్కనే ఉన్న సోల్ డక్ ముందే తేటబడుతుంది. అందుకే తెలిసినవాళ్లు ఒకే నదిని పట్టుకు వేలాడరు, తుపాను తర్వాత ఏ నది ఎప్పుడు దారికొస్తుందో లెక్క కట్టుకుని ఊరు చుట్టూ తిరుగుతారు.

కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. నీళ్లు ఎక్కువగా, మురికిగా ఉన్నప్పుడు చేప నది నడుమ ఉండదు. నడుమ వేగానికి ఎదురీదడమంటే ట్యాంకు ఖాళీ చేసుకోవడమే. అది గట్టు వారన, మనిషి అడుగు పెట్టే చోటే, మోకాలి లోతులో పైకి పోతుంటుంది. కొత్తవాడు వచ్చీ రాగానే ఆ నీళ్లలోకి దిగి నిలబడి, చేప లేని నడిఏటికి బలంగా విసురుతుంటాడు. చేపలు వాడి కాళ్ల చుట్టూ తిరిగిపోతాయి.

చేప ఆగే చోటును కనిపెట్టడానికీ ఇదే సూత్రం. నది పైన ఎంత ఉరవడిగా ఉన్నా అడుగున రాళ్ల ఒరిపిడికి నీళ్లు నెమ్మదిస్తాయి. బండరాయి వెనకే కాదు, దాని ముందు కూడా నీళ్లు కొట్టుకుని వెనక్కి తన్నే చోట ఒక మెత్తటి దిండులాంటి జాగా ఏర్పడుతుంది. వేగంగా పారే పాయ, నెమ్మదిగా పారే పాయ పక్కపక్కన రాసుకునే గీత, మడుగు చివర నీళ్లు పలచబడి మళ్లీ జారుకునే ముందరి ఒడి, ఇలాంటివి దాని విడిదిళ్లు. మనిషి నడిచే వేగం, ఛాతీ లోతు అనేది కొండగుర్తు. పైకి ఎక్కే చేప ఒక పెద్ద జాలు దాటగానే కాసేపు ఆగుతుంది. మెట్లెక్కినవాడు పై మెట్టు మీద కూర్చున్నట్టు.

చలి సంగతి ఇంకా ముఖ్యం. చేపది చల్లటి నెత్తురు, నీళ్లు ఎంత చల్లగా ఉంటే దాని ఒంట్లో మంట అంత చిన్నది. ఒక రకంగా అది మేలే, ఖర్చు తగ్గుతుంది. గాలం వేసేవాడికి మాత్రం చిక్కు. నీళ్లు 7, 8 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే చేప తన చోటు వదిలి రెండు మూడు అడుగులు ఉరికి ఎరను కొడుతుంది. 3 డిగ్రీలకు పడిపోతే మూతి ముందుకు వచ్చినదాన్నే పట్టించుకుంటుంది, అదీ బుద్ధి పుడితే. వేగంగా పారే నీళ్లు వదిలి లోతు మడుగుల్లోకి జారుకుంటుంది. అందుకే గడ్డకట్టే వారాల్లో మధ్యాహ్నం రెండు గంటల వేళ మేలు. నీటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, పొద్దుటి నుంచి రాయిలా ఉన్న చేప కదులుతుంది. చెరువు మీద తెల్లారక ముందే గాలం వేసే అలవాటున్నవాళ్లకు ఇది తలకిందుల వ్యవహారం.

ఇంతకీ ఆకలి లేనిది నోరెందుకు తెరుస్తుంది? ఖాయంగా చెప్పగలిగినవాళ్లు లేరు, కానీ మూడు కారణాలు వినిపిస్తాయి. ఒకటి పాత అలవాటు. ఏట్లో పెరిగిన చిన్నప్పటి రోజుల్లో సాల్మన్ గుడ్లు దొరకబుచ్చుకుని తిన్న చేప ఇది, గుండ్రంగా నారింజ రంగులో దొర్లుకుంటూ వచ్చేదాన్ని చూస్తే నోరు ఆగదు. రెండోది చిరాకు. తన చోటులోకి చొరబడినదాన్ని తరిమికొట్టడం. మూడోది ఉత్త కుతూహలం. చేపకు చేతులు లేవు, ఏదైనా ఏమిటో చూడాలంటే నోటితోనే చూడాలి. గాలం వేసే పద్ధతులన్నీ ఈ మూడింట్లో ఒకదాన్ని పట్టుకుని పుట్టినవే.

చిరాకు మీద నడిచేది పడవ పద్ధతి. మెకంజీ నది పేరుతో పిలిచే, రెండు కొసలూ పైకి వంగిన పడవను తెడ్లతో వెనక్కి లాగుతూ నదితో పాటు జారనివ్వకుండా నిలబెడతారు. ముందు వదిలిన ప్లగ్ అనే బొమ్మచేప గిలగిలలాడుతూ అడుగడుగునా కిందికి దిగుతుంటుంది. స్టీల్‌హెడ్ దాన్ని చూసి కొంత వెనక్కి జరుగుతుంది, ఇంకొంత జరుగుతుంది, ఇక జరగడానికి చోటు లేనప్పుడు కొడుతుంది. రాడ్ ఒక్కసారిగా పడవ అంచుకు వంగిపోతుంది. ఇక ఈకలూ దారాలతో చేసిన ఫ్లై కట్టి, రెండు చేతులతో పట్టే నాలుగు మీటర్ల రాడ్‌తో నదికి అడ్డంగా ఊపే పద్ధతి ఉంది. వెనక చెట్లు గుబురుగా ఉండి వెనక్కి విసిరే వీలులేని వాషింగ్టన్‌లోని స్కాగిట్ నది గట్ల మీద, తడి తీగను నీటి మీదే ఆనించి ముందుకు విసిరే వాటం ఒకటి తయారైంది. ఆ నది పేరే దానికి నిలిచింది. చూడటానికి ఇది అన్నిటికన్నా అందమైనది. చేపలు పడటం మాత్రం అన్నిటికన్నా తక్కువ, ఆ పద్ధతిని ప్రేమించేవాళ్లు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

బెండు కట్టి వేసేది మనవాళ్లకు దగ్గరగా అనిపించే పద్ధతి. బెండు, దాని కింద చిన్న సీసం గుళ్లు, కొసన గులాబీ రంగు జిగ్గో (సీసం తల ఉన్న కొక్కెం) గుడ్డులాంటి పూసో. పైకి పిల్లలాటలా ఉంటుంది. కిటుకు వేగంలో ఉంది. పైనీళ్లు పరిగెడతాయి, అడుగునీళ్లు నడుస్తాయి. బెండును దాని మానాన వదిలితే పైనీళ్ల వేగంతో పోతూ కింద ఉన్న ఎరను ఈడ్చుకుపోతుంది, అడుగున ఉన్న చేపకు అది తన ముందు నుంచి దూసుకుపోయే వస్తువు. అందుకని దారాన్ని కొద్దిగా బిగబట్టి బెండును వెనక్కి ఆపుతారు. పక్కన పోయే నురగ బుడగల్ని చూడాలి. బుడగలు బెండును దాటి ముందుకు పోతుంటే ఎర సరైన వేగంలో ఉన్నట్టు, బెండు బుడగల్ని దాటేస్తుంటే ఆ విసురు వృథా. అలా సాగుతూ బండరాయి పక్కకు రాగానే బెండు మునుగుతుంది. తొంభై తొమ్మిదిసార్లు అది రాయి తగిలి మునిగినదే. నూరోసారి మాత్రం మునిగిన బెండు పైకి రాదు.

బెండు లేకుండా పెన్సిల్ లావు సీసం ముక్కతో అడుగు తడుముతూ పోయే పాత పద్ధతిలో పనంతా వేళ్లదే. సీసం గులకరాళ్ల మీద టక్, టక్ మని క్షణానికో రెండు క్షణాలకో తగలాలి. చేప పట్టినప్పుడు ఝాడించి లాగుతుందని ఎదురుచూసేవాడు ఎక్కువసార్లు మోసపోతాడు. చాలాసార్లు జరిగేది ఆ టక్ టక్ ఆగిపోవడమే. నీళ్లు 3 డిగ్రీల్లో ఉన్నప్పుడు వేళ్లు మొద్దుబారిపోతాయి, పైగా రాడ్ రింగుల్లో దారం మోసుకొచ్చిన నీటి చుక్కలు గడ్డకట్టి ఒక్కో రింగు పూసలా మూసుకుపోతుంది. నాలుగు విసుర్లకోసారి రాడ్ కొసను ఏట్లో ముంచాలి. గాలి కన్నా నీళ్లే వెచ్చన మరి. కొందరు రింగులకు పెదాలకు రాసుకునే బామ్ రాస్తారు, కాసేపు పనిచేస్తుంది.

ఎరల్లో రారాజు జన, అంటే చేప కడుపులోని గుడ్ల గుత్తి. సాల్మన్ చేప జనను బొరాక్స్, ఉప్పు, పంచదార, రంగు కలిపి ఊరబెడతారు. ఆవకాయ పాళ్లలాగే ఎవరి పాళ్లు వాళ్లవి, అడిగితే సగమే చెబుతారు. జన వాసనకు చేప లోతుగా మింగుతుంది, మింగిన కొక్కెం మొప్పల్లో దిగితే వదిలినా బతకదు. ఒలింపిక్ తీరపు నదుల్లో 2020 డిసెంబర్ నుంచి అడవి స్టీల్‌హెడ్ కాలంలో ఎర వాడకూడదని, ముల్లు లేని ఒంటి కొక్కెమే వాడాలని, పడవలో కూర్చుని గాలం వేయకూడదని నిబంధనలు పెట్టడం మొదలైంది. పడవ మీద ఆంక్ష మీద గైడ్లకు కోపం వచ్చింది. కానీ లెక్క సూటిగానే ఉంది. గట్టు మీద నిలబడ్డవాడు అందుకోలేని మడుగులే చేపకు తలదాచుకునే చోట్లు, పడవ వాటిని కూడా వదలదు. ఒకే చేప ఒకే సీజన్లో పదేపదే గాలానికి పడితే దాని ట్యాంకులో గుడ్లు పెట్టడానికి ఏం మిగులుతుంది?

‘అడవి’ స్టీల్‌హెడ్ అన్న మాట ఎందుకంటే, ఏట్లో పుట్టినవి కాక హేచరీలో పుట్టించి వదిలినవీ ఉన్నాయి. హేచరీ పిల్లలకు వదిలే ముందే వీపు మీద తోక దగ్గర ఉండే బొటనవేలి గోరంత కండరెక్కను కత్తిరిస్తారు. పట్టిన చేపను నీళ్లలోనే పక్కకు వాల్చి ఆ చోట వేలితో తడుముతారు. మచ్చ కట్టి నున్నగా ఉంటే ఇంటికి తీసుకుపోవచ్చు, రెక్క నిలువుగా ఉంటే వదిలేయాలి. అలా వదలాల్సిన చేపను నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తడం వాషింగ్టన్ నదుల్లో నేరం, ఫొటో కోసమైనా సరే. సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్, బెల్‌వ్యూల్లో ఉంటూ వారాంతంలో సరదాగా వెళ్లే తెలుగు కుర్రాళ్లు లైసెన్సుతో పాటు పట్టుబడి కార్డు కూడా తీసుకోవాలి. ఉంచుకున్న ప్రతి స్టీల్‌హెడ్‌నూ అక్కడికక్కడే అందులో రాయాలి.

హేచరీ చేప లాభమా నష్టమా అన్న గొడవ దశాబ్దాలుగా నడుస్తోంది. టాకోమా దగ్గరి చాంబర్స్ క్రీక్ నుంచి వచ్చిన సంతతిని, తొందరగా వచ్చేలా ఎంచి పెంచి, వాషింగ్టన్‌లోని చాలా నదుల్లో వదిలారు. ఇవి డిసెంబర్, జనవరిల్లో వస్తాయి, అడవివి ఎక్కువగా ఫిబ్రవరి నుంచి. కాబట్టి ఒకదాన్ని పట్టి తింటే రెండోదానికి ఇబ్బంది లేదనుకున్నారు. కానీ పాత పట్టుబడి లెక్కలు చూస్తే అడవి చేపలు కూడా ఒకప్పుడు డిసెంబర్, జనవరిల్లో బాగా వచ్చేవి. హేచరీ చేపల కోసం వేసిన గాలాలూ వలలూ ముందొచ్చే అడవి చేపల్నీ ఏరేశాయి, మిగిలింది ఆలస్యంగా వచ్చే గుంపు. పైగా ఓరెగన్‌లోని హుడ్ నది మీద చేసిన పరిశోధన 2007లో వెలువడింది. హేచరీలో గడిపిన ఒక్కో తరానికీ చేప ఏట్లో పిల్లల్ని కనే సత్తా దాదాపు 40 శాతం పడిపోతోందని అందులో తేలింది. తొట్టెలో వేళకు తిండి పడే చోట గెలిచేది, ఏట్లో గెలవదు. హేచరీ పూర్తిగా మూసేయాలనే వాదన ఎంతవరకు నడుస్తుందో గానీ, అడవి చేపను కాపాడటానికి హేచరీ ఉందనే మాట మాత్రం నిలబడటం కష్టం. అది గాలాన్ని కాపాడుతోంది.

వాటాల పేచీ వేరే ఉంది. 1854, 55ల్లో చేసుకున్న ఒప్పందాల ప్రకారం వాషింగ్టన్‌లోని ఆదివాసీ తెగలకు పట్టదగిన చేపల్లో సగం వాటా ఉందని 1974లో న్యాయమూర్తి బోల్ట్ తీర్పిచ్చాడు. 1979లో సుప్రీంకోర్టు దాదాపు అలాగే ఖాయం చేసింది. గాలం వేసేవాళ్లు వలల వైపు వేలు చూపిస్తారు, తెగలవాళ్లు అడవులు నరికిన కంపెనీలనూ ఆనకట్టలనూ చూపిస్తారు. వాషింగ్టన్‌లో గాలం వేసేవాళ్లు అడవి స్టీల్‌హెడ్‌ను ఇంటికి తీసుకుపోయే వీలు 2016 నుంచి పూర్తిగా పోయింది. ఒలింపిక్ చేపలను అంతరించే జాతుల చట్టం కిందికి తేవాలని 2022లో పిటిషన్ కూడా పడింది.

ఆనకట్టల దగ్గర ట్యాంకు లెక్క అన్నిటికన్నా కటువుగా కనిపిస్తుంది. ఐడహోలోని క్లియర్‌వాటర్ నదికి పోయే స్టీల్‌హెడ్ కొలంబియా, స్నేక్ నదుల మీద ఎనిమిది ఆనకట్టల దగ్గర చేపల కోసం కట్టిన నీటిమెట్ల నిచ్చెనలు ఎక్కాలి. అదే నది ఉత్తర పాయ మీద 1970ల మొదట్లో పూర్తయిన డ్వొర్‌షాక్ ఆనకట్టకు చేపల దారే లేదు. బదులుగా కిందనే ఒక పెద్ద హేచరీ కట్టి సరిపెట్టారు. ధవళేశ్వరం దగ్గర పులస తల కొట్టుకుని ఆగిపోయేది చూసినవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. చేప ఎక్కడ క్యూలో ఆగుతుందో అక్కడ వేటగాడూ చేరతాడు. సియాటిల్‌లో బ్యాలర్డ్ లాకుల దగ్గర 1980ల్లో సీ లయన్లు (చేపల్ని తినే సముద్ర జంతువులు) తిష్ఠవేసి నిచ్చెన ముందు ఆగిన శీతాకాలపు స్టీల్‌హెడ్‌ను తేరగా తినడం మరిగాయి. జనం వాటికి హెర్షెల్ అని పేరు పెట్టారు. టపాకాయలు పేల్చారు, పట్టి కాలిఫోర్నియాలో వదిలి వచ్చారు. అవి ఈదుకుంటూ మళ్లీ వచ్చాయి. చివరికి వాటిని బెదరగొట్టడానికి 1996లో ఫైబర్ గ్లాసుతో బొమ్మ తిమింగలాన్ని కూడా తెచ్చి నిలబెట్టారు. అప్పటికి వేలల్లో వచ్చే చేప గుప్పెడుకు పడిపోయింది, తర్వాత కోలుకోలేదు.

ఎల్వా నది కథ మాత్రం వేరేగా నడిచింది. ఒలింపిక్ ద్వీపకల్పానికి ఉత్తరాన ఆ నది మీద 1913లో, 1927లో కట్టిన రెండు ఆనకట్టలనూ 2011 నుంచి 2014 మధ్య పడగొట్టారు. ఆనకట్టల పైన వందేళ్లుగా చిక్కుకుపోయిన రెయిన్‌బో ట్రౌట్ తరాలు తమ నెత్తుట్లో సముద్రాన్ని దాచుకునే ఉన్నాయి. అడ్డు తొలగగానే వాటి సంతతి సముద్రానికి పోయి స్టీల్‌హెడ్‌గా తిరిగొచ్చింది, పూర్తిగా పోయిందనుకున్న వేసవి రాక కూడా మళ్లీ కనిపించింది. ఊళ్లో ఉండిపోయిన కొడుకు కడుపున పుట్టిన మనవడు అమెరికా పోయినట్టే.

పసిఫిక్ సాల్మన్లు గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. స్టీల్‌హెడ్ చావాలని లేదు. మార్చి, ఏప్రిల్‌లో ఆడచేప తోకతో గులకరాళ్లు తవ్వి గుంట చేసి గుడ్లు పెట్టాక, చేవ మిగిలితే సముద్రం దారి పడుతుంది. తీరానికి దగ్గరి నదుల్లో పదింట ఒకటి దాకా రెండోసారి వస్తాయి, వాటిలో ఆడవే ఎక్కువ. ఎనిమిది ఆనకట్టలు దాటి రావాల్సిన చోట నూటికి ఒకటో రెండో. వాషింగ్టన్‌లోని యాకమా తెగవాళ్లు ఇలా కిందికి పోతున్న చేపల్ని పట్టి, నెలల తరబడి తొట్లలో మేపి, ఒళ్లు చేశాక మళ్లీ వదులుతున్నారు. బాలింతకు పథ్యం పెట్టినట్టే. గాలానికి పడిన చేపను నీళ్లలోనే ఉంచి, తల ఎదురునీటికి పెట్టి, తోక దగ్గర వదులుగా పట్టుకుని అది తనంతట తాను విదిలించుకునే దాకా ఆగమని చెప్పేదీ ఈ రెండో రాక కోసమే. వదిలిన పదింటిలో ఒకటి చస్తుందని అధికారులు లెక్క వేసుకుంటారు. చేతుల్లో ఎంతసేపు ఉంచారన్నదాన్ని బట్టి ఆ లెక్క అటూ ఇటూ అవుతుంది.

ఏప్రిల్ మధ్యకు నదుల్లో ఎక్కువగా కనిపించేవి ఈ తిరుగు ప్రయాణపు చేపలే. తల పెద్దగా, పొట్ట లోపలికి పీక్కుపోయి, తోక అంచులు అరిగి, పాములా సన్నగా ఉంటాయి. సీజనంతా కనిపించని ఆకలి ఇప్పుడు దానికి నిజంగానే వేస్తుంది. ఎర నీళ్లలో పడీ పడకముందే వచ్చి పట్టుకుంటుంది, బెండు నిలువునా మునుగుతుంది. నెలల తరబడి ఆ ఒక్క మునక కోసం చలిలో నిలబడినవాడు చేప రంగు చూడగానే దారం వదులు చేసి, కొక్కెం ఊడదీసి, రాడ్ మడిచి ఆ మడుగు వదిలి వెళ్లిపోతాడు.